సీసపు ముక్కతో రైఫిలు గొట్టము కొలత

పామిడివద్ద పెన్నలో నీరు పారని నెలలే హెచ్చు. అయినను ఇసుక తడిగా నున్నచోట నడచిన వాని పాదముద్ర నిలిచియుండును. మనిషి వెళ్ళిపోయినను ముద్రను కొలిచి పాదమెంతయో చెప్పవచ్చును. కొలబద్ద చొరని తావును కొలుచుటకును ఇదే ఉపాయము.

రైఫిలు గొట్టము లోపల మరచుట్టువంటి గాడులుండును. వాటివలన గుండు గిరగిర తిరుగుచు సూటిగా పోవును. గాడుల మధ్య మిగిలిన మెరకలు గట్లు. ఇషాపూర్ కర్మాగారములో తయారైన .303 రైఫిలు పేరులోని అంకె ఎదురెదురు గట్ల నడిమి వ్యాసమును అంగుళములలో తెలుపును, అనగా 7.70 మిల్లీమీటర్లు. గాడుల అడుగున వ్యాసము అంతకన్న ఎక్కువ. గుండు దానికి సరిపడవలెను. వదులైనచో గురి తప్పును. మరీ బిగుతైనచో పీడనము ప్రమాదకరముగా పెరుగును.

దీనిని కొలుచుటెట్లు? ముందుగా రైఫిలులో తూటా లేదని రూఢిపరచుకొందురు. పిదప గొట్టముకన్న కొంచెము లావైన మెత్తని సీసపు ముక్కకు నూనె రాసి, కడ్డీతో ఆ చివరివరకు నెట్టుదురు. సీసము గాడులలోనికి ఒదుగును. రబ్బరువలె తిరిగి ఉబ్బదు. అందుచే బయటికి వచ్చిన ముక్కపై గాడులు మెరకలుగా కనబడును. వాటిమీద స్క్రూగేజితో కొలువవచ్చును.

ఇక్కడొక చిక్కు కలదు. గాడులు 4 లేక 6 అయినచో మెరకకు ఎదురుగా మెరక వచ్చును. .303లో సాధారణముగా గాడులు 5. మెరకకు ఎదురుగా పల్లము వచ్చి కొలత తక్కువ చూపును. అందుకై 108 డిగ్రీల కోణపు దవడగల మైక్రోమీటరు వాడుదురు. దవడ రెండు మెరకలను, మర మూడవదానిని తాకును.

విద్యార్థులు వృత్తము గీచి, 72 డిగ్రీల కొకటిగా 5 గుర్తులు పెట్టి చూచినచో కారణము తెలియును. పరికరమెంత మంచిదైనను, వస్తువు ఆకారము తెలియకున్న కొలత తప్పును.