ఉక్కు మన మాటే: కోనసముద్రం మూస నుంచి ఓపెన్ హార్త్ కొలిమి దాకా



ఈ నెల ఎనిమిదో తరగతిలో లోహాల పాఠం నడుస్తోంది. స్టీలు మొదట ఎక్కడ తయారైందని అడిగితే క్లాసులో సగం మంది 'ఇంగ్లాండ్' అన్నారు. తప్పు పిల్లలది కాదు, పుస్తకాల్లో కనిపించే పేర్లు అవే. అందుకే ఈసారి మన రాష్ట్రంలోని ఒక ఊరి గురించి రాస్తున్నాను.

ఆ ఊరు నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. 1820ల ప్రాంతంలో హెన్రీ వాయ్సీ అనే బ్రిటిష్ వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు అక్కడి ఉక్కు తయారీని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఈ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. డమాస్కస్ కత్తులని ప్రపంచం మెచ్చుకున్న వాటికి ముడిసరుకు ఇలాంటి దక్షిణ భారత ఉక్కే. ఇంగ్లీషులో దీన్ని 'వూట్జ్' అంటారు. అది మన 'ఉక్కు' మాటకే వచ్చిన రూపమని ఎక్కువమంది పండితుల అభిప్రాయం (కన్నడంలోనూ ఉక్కే లెండి). 1820 ప్రాంతంలో మైకేల్ ఫారడే కూడా లండన్ ల్యాబులో దీని గుట్టు తెలుసుకోవాలని ప్రయత్నించాడు.

అక్కడ ఉన్న సామగ్రి ఎంత? మట్టి కొలిమి, తోలు తిత్తులు, బొగ్గు, మట్టి మూసలు. అసలు తెలివంతా మూసలోనే ఉంది. వేడికి పగలని మట్టిలో పాత మూసల పొడి, వరి ఊక కలిపి వాటిని చేసేవారు. ఊక కాలాక సన్నని గుల్లలు మిగులుతాయి కాబట్టి ఎర్రటి సెగలోనూ మూస చీలదు. లోపల రెండు రకాల ఇనుము వేసి, మూత మట్టితో మూసేసి, దాదాపు ఒక రోజంతా తిత్తులు ఊదేవారు. సేలం, మైసూరు వైపు మూసలో తంగేడు కట్టె, ఆకులు కూడా వేసేవారు. ఇనుములోకి కర్బనం ఎక్కించడానికి మన బతుకమ్మ తంగేడే పనికొచ్చిందన్నమాట! మూసను నెమ్మదిగా చల్లారనిస్తే లోపల చిన్న ఉక్కు ముద్ద మిగిలేది. దాంట్లో కర్బనం ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. కత్తి అలుగు మీద నీటి అలల్లాంటి గీతలు వచ్చేది అందుకే.

దీని పక్కన ఓపెన్ హార్త్‌ను పెట్టి చూడండి. 1860ల్లో సీమెన్స్, మార్టిన్‌ల కృషితో వచ్చిన పద్ధతి అది. వెడల్పాటి, లోతు తక్కువ పళ్లెం లాంటి కొలిమి ఉంటుంది. దాని కింద ఇటుకలను జాలీలా పేర్చిన గదులుంటాయి. బయటికి పోయే వేడి పొగ ముందు ఆ ఇటుకలను కాలుస్తుంది. కాసేపటికి దారి మళ్లిస్తే లోపలికి వచ్చే గాలి, గ్యాసు అవే ఇటుకల మీదుగా వేడెక్కి వస్తాయి. చాలా పొదుపైన ఆలోచన, కానీ ఒక్క విడతకు ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పట్టేది. ఒక పక్క ముడిసరుకు వేసే యంత్రాలు, మరో పక్క కరిగిన ఉక్కును పట్టే పెద్ద లాడిళ్లు, పైన క్రేన్లు, వరసగా పొగగొట్టాలు. జంషెడ్‌పూర్‌లో 1912లో టాటా వాళ్లు మొదట ఉక్కు తీసింది ఈ పద్ధతిలోనే. మన విశాఖ ఉక్కు ఆ దారిలో పోలేదు, ఎల్‌డీ కన్వర్టర్లు పెట్టుకుంది. ముక్కాలు గంట లోపే విడత అయిపోతుంది. అందుకే ఓపెన్ హార్త్ కొలిములు దాదాపు అన్నిచోట్లా మూతపడ్డాయి.

సోమశిల దగ్గర కృష్ణ మీద కేబుల్ వంతెనకు 2022లో ఆమోదం వచ్చింది. ఆ తీగలను మోసేది ఉక్కే కాబట్టి, పాఠం మనకు దూరం కాదు.

ఇంకో మాట. మా క్లాసులో ఒక అబ్బాయి, వాళ్ల తాతది కమ్మరి పనని చెప్పడానికి మొదట తటపటాయించాడు. కోనసముద్రం కథ విన్నాక తనే లేచి తిత్తి ఎలా ఊదుతారో చేతులతో చూపించాడు. మీ ఇంట్లోనో, ఊళ్లోనో ఆ పని తెలిసిన పెద్దలుంటే పిల్లల్ని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. పొలం గట్ల దగ్గర నల్లగా, బుడగలు బుడగలుగా ఉన్న ఇనుప చిట్టెం గుట్టలు కనిపిస్తే ఫోటో తీసి చోటు రాసుకోండి, రాళ్లు మాత్రం ఇంటికి తేవద్దు. ఒక్కసారి పొలం చదును చేస్తే అవి ఎక్కడివో చెప్పేవారుండరు. ఫోటోలు వచ్చే నెల పదో తేదీలోపు క్లాస్ టీచర్‌కు పంపితే సైన్స్ ఫెయిర్‌లో పెడతాం.