చక్రము వెడల్పైనచో మేలేనా?

వేసవిలో మామిడి కోతల కాలమున చింతలపూడి, నూజివీడు ప్రాంతముల తోటలలో ట్రాక్టరు ట్రాలీలు విరివిగా తిరుగుచుండును. నడుమ ఒక పెద్దవాన కురిసినచో ఇనుపపట్టా వేసిన సన్నని ఎడ్లబండి చక్రము నేలలో దిగబడును. వెడల్పైన ట్రాక్టరు టైరు అంతగా దిగబడదు. దీనిని చూచినవారికి చక్రము ఎంత వెడల్పైన అంత మేలని తోచుట సహజము. కారుతో వచ్చిన చక్రములను తీసివేసి, వెడల్పైన అల్లాయ్ చక్రములను వేయించువారు నేడు పల్లెలలోను కనబడుచున్నారు. తోటలో నిజమైన సూత్రము తారురోడ్డుపై కూడ నిజమగునా? పరిశీలింతము.

టైరు నేలను తాకు చోటు

మనుష్యులతో కలిపి కారు బరువు 1,200 కిలోగ్రాములనుకొందము. ఒక్కొక్క చక్రముపై సుమారు 300 కిలోగ్రాములు పడును. టైరులోని గాలి పీడనము చదరపు సెంటీమీటరుకు 2.2 కిలోగ్రాములైనచో, ఆ బరువును మోయుటకు కావలసిన వైశాల్యము 300ను 2.2చే భాగించగా వచ్చు 136 చదరపు సెంటీమీటర్లు. అనగా ఇంచుమించు చాచిన అరచేయంత చోటు మాత్రమే!

ఇపుడు అదే పీడనముతో వెడల్పు టైరు వేసితిమనుకొనుడు. బరువు మారలేదు, పీడనము మారలేదు. కావున వైశాల్యము కూడ అంతగా మారదు. దాని ఆకారము మాత్రము మారును. నిలువుగా పొడవైన ముద్ర అడ్డముగా వెడల్పై, పొట్టిదగును. ట్రాక్టరు టైరు సంగతి వేరు. దానిలో తక్కువ పీడనముతో గాలి నింపుదురు. అందుచేతనే దాని ముద్ర పెద్దదై, మెత్తని నేలపై భారము పరచుకొనును. తారురోడ్డు దిగబడునది కాదు గనుక అక్కడ ఆ లాభమునకు తావు లేదు.

అయినను వెడల్పు టైరుకు గుణమే లేదనరాదు. పొడి రోడ్డుపై మలుపు తిరుగునపుడు పొట్టి, వెడల్పు ముద్ర కారును గట్టిగా పట్టియుంచును. కాని రోడ్డుపై నీరు నిలిచినపుడు ఆ టైరు ఎక్కువ నీటిని పక్కలకు నెట్టవలసియుండును. నెట్టలేనిచో టైరు నీటి పొరపై తేలును. అపుడు స్టీరింగు గాని, బ్రేకు గాని పనిచేయదు. వెడల్పు టైరుకు ఈ ప్రమాదము తక్కువ వేగములోనే సంభవించును. గాడులు అరిగినకొలది అపాయము హెచ్చును.

అంకెల అర్థము

టైరు పక్కన 165/80 ఆర్ 14 అని యుండును. 165 అనునది మిల్లీమీటర్లలో వెడల్పు. 80 అనగా టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతము, అనగా 132 మిల్లీమీటర్లు. 14 అనునది చక్రము వ్యాసము, అంగుళములలో. 14 అంగుళములు 355.6 మిల్లీమీటర్లు, దానికి రెండు గోడల ఎత్తు 264 కలుపగా టైరు మొత్తము వ్యాసము 619.6 మిల్లీమీటర్లు.

దీని బదులు 185/65 ఆర్ 15 వేసినచో వ్యాసము 621.5. భేదము అత్యల్పము. 195/65 ఆర్ 15 వేసినచో 634.5, అనగా రెండు శాతమునకు మించి ఎక్కువ. అపుడు చక్రము ఒక్కసారి తిరిగినపుడు కారు ఎక్కువ దూరము పోవును. మీటరు 80 కిలోమీటర్ల వేగము చూపుచున్నను నిజముగా సుమారు 82 కిలోమీటర్లు నడచుచుండును. కావున వెడల్పు పెంచినపుడు గోడ ఎత్తు తగ్గించి, మొత్తము వ్యాసమును నిలుపవలెను. 205/50 ఆర్ 16 టైరుకు గోడ 102.5 మిల్లీమీటర్లే. గోతులున్న రోడ్డుపై ఇట్టి పొట్టి గోడ దెబ్బను మ్రింగలేదు. చక్రము అంచు వంగును.

చక్రము ఎటు జరుగును?

చక్రము వెడల్పు నడిమి గీతకును, అది కారుకు బిగియు తలమునకును గల దూరమును ఆఫ్‌సెట్ అందురు. పాత చక్రము 5.5 అంగుళముల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ గలది. కొత్తది 7 అంగుళములు, 30 మిల్లీమీటర్లు అనుకొందము. వెడల్పు 38 మిల్లీమీటర్లు పెరిగినది. అనగా ఇరువైపుల 19 చొప్పున. ఆఫ్‌సెట్ 15 తగ్గుటచే చక్రమంతయు వెలుపలికి 15 జరుగును. కాబట్టి వెలుపలి అంచు 34 మిల్లీమీటర్లు బయటికి వచ్చును. లోపలి అంచు 4 మిల్లీమీటర్లు లోనికి పోవును. మడ్డుగార్డుకు, స్ప్రింగుకు ఈ చోటున్నదా? స్టీరింగు పూర్తిగా త్రిప్పి, వెనుక సీటులో మనుష్యులను కూర్చుండబెట్టి చూడవలెను. వెలుపలికి జరిగిన చక్రము బేరింగులపై అదనపు భారము వేయును.

మరికొన్ని నియమములు

బోల్టు రంధ్రముల కేంద్రములు ఏర్పరచు వృత్తము కారుకు సరిపోవలెను. కొన్ని కార్లకు దాని వ్యాసము 100 మిల్లీమీటర్లు, కొన్నింటికి 114.3. కొద్దిపాటి తేడాయే గదా అని బలవంతముగా బిగించుట ప్రాణాపాయకరము. టైరుపై వ్రాసిన భార సంఖ్య కూడ కంపెనీ నిర్ణయించిన దానికి తగ్గరాదు. 85 అనగా ఒక టైరు 515 కిలోగ్రాములు, 88 అనగా 560 కిలోగ్రాములు మోయగలదని అర్థము.

చట్టము సంగతియు గమనింపవలెను. 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రములో నమోదైన వివరములు మారునట్లు వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. సుప్రీం కోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో దీనినే స్పష్టపరచినది. పలు కంపెనీలు ఒకే కారులో వేర్వేరు తరగతులకు వేర్వేరు సైజుల టైర్లు అమర్చును. ఆ సైజులలోనుండి ఎన్నుకొని, రవాణా కార్యాలయమును, బీమా సంస్థను ముందుగా అడిగి తెలిసికొనుట క్షేమము.

పాఠశాలలో ప్రయోగము

ఉపాధ్యాయులు సైకిలుతో ఈ సూత్రమును చూపవచ్చును. వెనుక టైరుకు సిరా పూసి, ఒక విద్యార్థిని కూర్చుండబెట్టి, చక్రమును గళ్ల కాగితముపై మెల్లగా దింపవలెను. పడిన ముద్రలోని గళ్లను లెక్కించినచో వైశాల్యము తెలియును. గాలి కొంత తీసి మరల చేసినచో ముద్ర పెద్దదగుట కనబడును. ఆ ముద్ర ఎంత యుండవలెనో ప్రధానముగా నిర్ణయించునది బరువును, గాలి పీడనమును గాని, టైరు వెడల్పు కాదని విద్యార్థులు తమంతట తామే గ్రహింతురు.