జల ఉష: విశాఖలో పుట్టిన ఓడ కథ



మన సూళగిరి మీదుగా పోయే హైవేలో మీరు ఒక దృశ్యం చూసే ఉంటారు. హోసూరు ఫ్యాక్టరీ నుంచి కొత్త లారీ చాసిస్, వెనక తొట్టి లేకుండా వెళ్తూ ఉంటుంది. ఇంజను ఉంది, చక్రాలున్నాయి, నడుస్తోంది. అయినా లారీ తయారైపోయిందని మీరనరు. నామక్కల్లోనో, మరో ఊళ్లోనో బాడీ కట్టాలి. రంగు వేయాలి. రిజిస్ట్రేషన్ కావాలి. అప్పుడు గదా లోడెత్తేది!

ఓడ సంగతీ అంతే. నీళ్లలో దిగిన రోజు పూలదండలు వేసి పండుగ చేస్తారు. కాని ఓడ యజమాని చేతికి రావడానికి ఇంకా చాలా పని ఉంటుంది. మన తెలుగు తీరంలో, విశాఖపట్నంలో పుట్టిన 'జల ఉష' అనే ఓడ కథ వింటే ఇది బాగా తెలుస్తుంది.

వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త, తన సహచరులతో కలిసి 1919లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. అప్పట్లో మన సముద్ర వ్యాపారమంతా ఆంగ్లేయుల ఓడలదే. సింధియా వారి మొదటి ఓడ 'లాయల్టీ'. అది కూడా ఇంగ్లండులో 1891లో కట్టిన పాత ప్రయాణికుల ఓడే. 1919 ఏప్రిల్ 5న అది బొంబాయి నుంచి లండనుకు బయల్దేరింది. అందుకే ఏటా ఏప్రిల్ 5న జాతీయ నౌకా దినోత్సవం జరుపుకొంటున్నాము.

ఓడ కొనుక్కుంటే చాలదు, మనమే కట్టుకోవాలన్నది వాల్‌చంద్ పట్టుదల. విశాఖలో డాల్ఫిన్ కొండ అండగా ఉన్న సహజమైన రేవు ఉంది. అక్కడ 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకముందే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యంత్రాలను బొంబాయికి తరలించవలసి వచ్చింది. పని ఆగిపోయింది.

యుద్ధం ముగిశాక, 1946లో, మొదటి ఓడకు అడుగు దూలం వేశారు. ఇంటికి పునాది ఎలాగో ఓడకు అది అలాగు. 1948 మార్చి 14న ప్రధానమంత్రి నెహ్రూ గారి చేతుల మీదుగా 'జల ఉష' నీళ్లలో దిగింది. అది 8,000 టన్నుల స్థాయి ఓడ. సరుకు, బొగ్గు, మంచినీళ్లు అన్నీ కలిపి అంత బరువు మోస్తుందన్న మాట. పది టన్నుల లారీలు 800 వరసగా నిలబెట్టినట్టు ఊహించుకోండి.

మరి అంత బరువైన ఓడను నీళ్లలోకి ఎలా దించుతారు? సముద్రం వైపు వాలుగా ఉండే గట్టు మీద దాన్ని కడతారు. కింద పట్టాలకు కొవ్వు దట్టంగా పూస్తారు. అడ్డుకట్టలు తీయగానే ఓడ తన బరువుకే జారుతుంది. తర్వాత రేవు గోడకు కట్టి మిగతా పనులు చేస్తారు. గొట్టాలు, కరెంటు తీగలు, క్రేన్లు, సిబ్బంది గదులు అమరుస్తారు. చివరికి నడిసముద్రంలో పరీక్ష జరగాలి. ఆనాడు ఇంజను మొదలు చాలా సామాను విదేశాల నుంచే రావాలి. ఒక్క వస్తువు ఆలస్యమైతే ఓడంతా ఆగుతుంది.

అందుకే ఖర్చు పెరిగింది. విశాఖలో కట్టిన ఓడ ఇంగ్లండు ఓడ కన్నా ఎక్కువ ధర పడింది. అంత ధర పెట్టి కొనేవారెవరు? ఆర్డర్లు లేకపోతే పని నేర్చిన కార్మికులు చెదిరిపోతారు. అప్పుడు ప్రభుత్వమే ఆర్డర్లిచ్చి ధరలో తేడాను భరించింది. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు ఏర్పడింది. అందులో మూడింట రెండు వంతులు ప్రభుత్వానిది. 1961లో పూర్తిగా ప్రభుత్వ సంస్థ అయింది. 2010లో రక్షణ శాఖ కిందికి వచ్చింది.

ఆలస్యమైంది, ఖర్చు ఎక్కువైంది అన్న మాట విన్నప్పుడు, తప్పు పనివాడి చేతిదే అనుకుంటాము. విశాఖలో చేతులకు లోటు లేదు. చుట్టూ ఉండవలసిన పరిశ్రమలే లేవు. ఇవాళ మన హోసూరు చుట్టూ నట్టు, బోల్టు చేసే చిన్న షెడ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. పెద్ద ఫ్యాక్టరీ గేటులోంచి బండి వేళకు బయటికి రావడానికి అవి కూడా కారణమే. ఆ అండ లేని రోజుల్లో మనవాళ్లు సముద్రపు ఓడ కట్టారు.