కలభాషిణి అడిగిన రూపము

కృష్ణా తుంగభద్రల నడుమ మా నడిగడ్డ. తుంగభద్ర దాటితే కర్నూలు, ఆ మీదట నంద్యాల. పదునారవ శతాబ్దములో పింగళి సూరన తన ‘కళాపూర్ణోదయము’ను ఆ నంద్యాల ప్రభువు కృష్ణమరాజునకు అంకితమిచ్చినాడు. ‘విద్వద్గద్వాల’ అని పేరు పొందిన సీమవారికి అది పొరుగింటి కావ్యమే. అయినను మా విద్యార్థులలో దానిని తుదిముట్ట చదివినవారు అరుదు. పద్యములు కఠినమనుట ఒక సాకు. కథ చిక్కుగా నుండుటయే అసలు భయము.

చిక్కు ఉన్నమాట నిజమే. కాలక్రమమున మొదట జరిగిన బ్రహ్మ సరస్వతుల సరస సల్లాపము కావ్యము నడుమ గాని బయటపడదు. దానిని బయటపెట్టునది పూర్వజన్మ స్మృతి కలిగిన పసిబిడ్డ! గద్వాల చీరలో నూలు ఒడలికి పట్టు అంచును కలిపిన చోటు చూపరులకు తెలియనట్లే, ఇందులో ఒక కథ మరియొక కథతో ఎచ్చట కలిసినదో చదువరికి వెంటనే తెలియదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వ విచారము’ (1914)లో ఈ కావ్యమును విపులముగా చర్చించిన పిదప, మేమందరము ఆ నేర్పునే పాఠములలో చెప్పుచు వచ్చినాము. నేనును అంతే. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లు దీనిని ఆంగ్లమున వెలయించి, ఇది నవల అని వాదించినారు. వారి మాట విని మరల చదివినాను గాని, నా కన్ను తెరిపించినది వేరొకరు.

ద్వారకలో కలభాషిణి అను వేశ్యాంగన చెలులతో ఉయ్యాల ఊగుచుండగా రంభా నలకూబరుల విమానము ఆకసమున సాగినది. నలకూబరునిపై ఆమెకు మనసైనది. అతని మనసు రంభది. నారదుని వలన, కోరిన రూపము ధరించు శక్తి ఆమెకు లభించినది. అటు నారదుని శిష్యుడు మణికంధరుడు తపస్సు చేయుచుండగా దానిని చెరచుటకు రంభ వచ్చినది. ఆమె తలపు నలకూబరునిపై నున్నదని తెలిసి మణికంధరుడు నలకూబరుని రూపము తాల్చినాడు. ఆ మాయా నలకూబరునే కలభాషిణి రంభ రూపముతో చేరినది. తరువాత అసలు రంభ వచ్చి, ఇద్దరు రంభలు కలహించుట మనకు నవ్వు పుట్టించును.

ఈ ఘట్టము చెప్పుచుండగా తరగతిలో అందరూ నవ్వినారు. వెనుక బల్లపై కూర్చున్న ఒక అమ్మాయి మాత్రము, “సార్, మరి ఆమె కౌగిలించుకున్నది ఎవరిని?” అని అడిగినది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ముప్పది ఏండ్లుగా చెప్పుచున్న పాఠము! నలకూబరుడనుకొన్నది, కాదు. అతడు రంభ అనుకొన్నాడు, కాదు. ఇరువురికీ దక్కినది తాము కోరనిది. రామాయణ భారతములను ఒకే పద్యములో పలికించి ‘రాఘవపాండవీయము’ రచించిన కవి, ఇచ్చట ఒక ముఖమునకు ఇద్దరు మనుషులను ఇచ్చినాడు. అచ్చట శ్లేష మాటలలో, ఇచ్చట బ్రతుకులో. పాపము, కలభాషిణికి తన రూపముతో ప్రేమింపబడుదునన్న ఆశయే లేదు. అందుకే రంభ కావలెనని కోరినది. దీనిని మోసమని కొట్టివేయుట నాకు చేతకాదు.

శాపములు, మరణములు గడచిన తరువాత ఆమె మధురలాలసగా, అతడు కళాపూర్ణుడుగా పుట్టినారు. ఈ జన్మమున ఎవరి ముఖము వారిదే. ఆ మీదట సవతుల పోరు మొదలగునవి నాకు అంత రుచింపవు. కవి అలవాటు పడిన బాటను నడచినాడనిపించును.

మరునాడు ఆ అమ్మాయి గ్రంథాలయపు ప్రతి తెచ్చి, ద్వారకా ఘట్టము తీసి చూపినది. “మణికంధరుడు అప్పుడే గురువుగారి వెంట ఉన్నాడు కద సార్, సొంత రూపముతోనే?”

ఉన్నాడు. కలభాషిణి కన్నులు మాత్రము విమానము మీద నున్నవి.