కదలని సైకిలుకు ఎదురుగాలి

మంచు కురియు దేశములలో చలికాలము రాగానే సైకిలు పందెగాండ్రు తమ బండిని ఇంటిలోనే ఒక ఉక్కు స్టాండునకు బిగించి తొక్కుదురు. వెనుక చక్రము ఒక చిన్న రోలరును ఒరసికొని తిరుగును. బండి మాత్రము కదలదు. దీనికి ట్రైనరు అని పేరు. హైదరాబాదులో మంచు కురియదు. అయినను లాల్‌దర్వాజాలోని విద్యార్థికి ఈ సాధనముతో పని లేకపోలేదు. జనవరి మొదటి దినములలో ఇచ్చట సూర్యోదయము సుమారు 6-45 గంటలకు. అంతకు ముందు చీకటి. ఆ తరువాత శాలిబండ దారి నిండ ఆటోలు, బస్సులు. పైగా శీతకాలపు వేకువన నేలనంటిన గాలి చల్లగను, దాని పైగాలి వెచ్చగను ఉండుటచే పొగ పైకి పోలేక వీథులలోనే నిలిచిపోవును. 2002 జాతీయ క్రీడలకై ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో కట్టిన వెలోడ్రోము మూసీకి ఆవలనున్నది. 2023లో అవుటర్ రింగు రోడ్డు వెంట తెరచిన 23 కిలోమీటర్ల సైకిలు బాట నగరపు పడమటి అంచున ఉన్నది. బడికి పోవు పిల్లవాడు నిత్యము వేకువన పోయిరాదగిన దూరములు కావు.

ట్రైనరు కొనదలచినవారు ధర కంటె ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఇది చక్రమును ఏ విధముగా అడ్డగించుచున్నది?

చదునైన రోడ్డుపై వేగముగా పోవు సైకిలుకు ప్రధాన శత్రువు గాలి. గాలి నిరోధము వేగవర్గమును అనుసరించి పెరుగును. దానిని జయించుటకు కావలసిన సామర్థ్యము వేగము యొక్క ఘనమును అనుసరించును. నిటారుగా కూర్చుండి గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవునపుడు గాలిని నెట్టుటకు సుమారు 48 వాట్లు చాలును. 30 కిలోమీటర్ల వేగమునకు 162 వాట్లు కావలెను. వేగము ఒకటిన్నర రెట్లే, శ్రమ 3.375 రెట్లు!

ఇక సాధనములను చూతము. ఉన్నిబిళ్ళ చక్రమును ఒత్తుచుండు చౌక రకములలో ఘర్షణ బలము వేగముతో దాదాపు మారదు. వేగము ఒకటిన్నర రెట్లయిన శ్రమయు ఒకటిన్నర రెట్లే. అయస్కాంతపు ట్రైనరులో ఒక అల్యూమినియపు బిళ్ళ అయస్కాంతముల చెంత తిరుగును. అందు సుడి ప్రవాహములు పుట్టి, లెంజి సూత్రము ప్రకారము, తమను పుట్టించిన చలనమునే ఎదిరించును. ఫూకో 1855లో గమనించినది ఈ ప్రవాహములనే. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును: రాగి గొట్టములో బలమైన అయస్కాంతపు బిళ్ళను విడిచినచో, గోడను అంటకున్నను అది మెల్లమెల్లగా దిగివచ్చును. మితమైన వేగములలో ఈ నిరోధము వేగముతో సమానముగా పెరుగును గనుక శ్రమ 2.25 రెట్లగును. పంకా రెక్కలు గల ట్రైనరు నిజమైన గాలినే చిలుకును, అందుచే 3.375 రెట్లు సరిగా వచ్చును. నూనెవంటి ద్రవమును చిలుకునవియు దీనికి దగ్గరగా నుండును గాని వెల ఎక్కువ.

గేర్లు లేని మామూలు సైకిలు వానికి ఈ భేదము ముఖ్యము. అతడు 20 నుండి 30కి పోవుటకు పెడళ్ళను నిమిషమునకు 60 నుండి 90 చుట్లకు పెంచవలసినదే. వేరు ఉపాయము లేదు. ఉన్నిబిళ్ళపై అట్లు తిప్పి తిప్పి అలవాటుపడిన కాళ్ళకు రోడ్డు మీది గాలి కొత్తగా తోచును. శాస్త్రరీత్యా పంకాయే మేలు. కాని దాని రొద! గోడకు గోడ ఆనిన ఇండ్లలో వేకువ అయిదు గంటలకు దానిని తిప్పిన ఇరుగుపొరుగువారు ఎన్ని దినములు సహింతురు? కావున మీటతో నిరోధమును మార్చుకొనదగిన అయస్కాంతపు రకమే ఇచ్చట తగినదని నా అభిప్రాయము. వేగము పెంచినపుడు మీటను ఒక మెట్టు జరిపినచో లోటు చాలవరకు తీరును. ఇవి కొద్ది వేల రూపాయలలో దొరకును. వెనుక చక్రమును ఊడదీసి గొలుసును నేరుగా తగిలించు యంత్రములు వాట్లను కొలిచి చూపును గాని, వాని వెల పదుల వేలలో నుండును.

కొనుటకు ముందు మన బండి దానిలో ఇముడునో లేదో చూడవలెను. పాతకాలపు 28 అంగుళముల బండి చక్రము టైరుతో కలిసి దాదాపు 71 సెంటీమీటర్లు. చిన్న స్టాండులలో పట్టదు. ఇరుసు మరలు, క్యారియరు కడ్డీలు, మడ్‌గార్డు పట్టీలు బిగింపునకు అడ్డు తగులును. బండిని అంగడికే తీసికొనిపోయి బిగించి చూచుట మేలు.

ఫ్లైవీలు బరువును కూడ విచారింపుడు. రోడ్డుపై 80 కిలోగ్రాముల మనిషియు బండియు 20 కిలోమీటర్ల వేగమున సుమారు 1,235 జౌళ్ళ గతిజశక్తి కలిగియుందురు. స్టాండుపై తిరుగునది చక్రమొక్కటే. దానిలో పాతిక జౌళ్ళైనను ఉండుట అరుదు. పెడలు నిలువుగా వచ్చినప్పుడెల్ల చక్రము మందగించి కాలికి కుదుపు తగులును. మూడు సెంటీమీటర్ల రోలరుతో కూడ తిరుగు కిలోగ్రాము ఫ్లైవీలు, వ్యాసము 12 సెంటీమీటర్లైనచో, నిమిషమునకు 3,500 చుట్లు తిరిగి మరి 120 జౌళ్ళను దాచుకొనును. రోడ్డుకు సమానము కాదు, కాని మోకాళ్ళు ఆ తేడాను గుర్తించును.

చివరగా వేడి. పెడళ్ళకు 150 వాట్లు అందించు దేహము సుమారు 600 వాట్లు ఖర్చు చేయును. తక్కిన 450 వాట్లు వేడియే. దానినంతటిని చెమట ఆవిరియై కొనిపోవలెనన్న గంటకు 670 గ్రాముల నీరు కావలెను. రోడ్డుపై ఎదురుగాలి ఆ చెమటను ఆర్చును. మూసిన గదిలో అది ఆరక నేలపై కారును, దేహము వేడెక్కును. తల తిరిగినచో వెంటనే దిగవలెను. కిటికీ తెరచి, ఎదుట బల్ల పంకా నుంచి, నీళ్ళ సీసా చేతికందునట్లు పెట్టుకొనవలెను. పంకా ఇంటిలో లేనిచో దాని వెలను కూడ ట్రైనరు వెలలో కలిపియే లెక్క వేయుడు.