పట్టాలపై పనివాడు, అతనిపై పడు దండనము

రైలుపట్టాలపై పనిచేయు శ్రామికునకు అమెరికా దేశపు నిబంధనలు 15 సెకండ్ల వ్యవధిని హక్కుగా నిర్ణయించినవి. ఆ మార్గమున బండ్లకు అనుమతింపబడిన గరిష్ఠవేగము ఎంతయో అంత వేగముతోనే బండి వచ్చుచున్నదని లెక్కగట్టి, అది తన్ను చేరుటకు 15 సెకండ్లకు ముందే అతడు పనిముట్లతో సహా సురక్షితమైన చోట నిలిచియుండవలెను. గంటకు 60 మైళ్ల వేగముతో వచ్చు బండి ఈ స్వల్పకాలములో 1,320 అడుగులు దాటును. 110 మైళ్ల వేగమునకు అనుమతి గల మార్గమునందు ఆ దూరము 2,420 అడుగులగును. పనివారు చేతిలోని పని వదలి ప్రక్కకు తొలగుటకు పట్టు సమయమును గూడ కలిపినచో, కాపలాకు నిలిచినవాడు అర మైలుకు మించిన దూరమునుండియే బండిని పసిగట్టి కేక వేయవలసియుండును. అందుచేతనే ఆ కాపలాదారునకు మరి యే పనియు అప్పగింపరాదని నియమము. ‘ఒక్క క్షణము ఈ బోల్టు పట్టుకొనుము’ అని మేస్త్రీ అతనిని పిలిచినను అది నియమభంగమే.

ఈ నిబంధనలు 1997 జనవరి నుండి అమలులోనికి వచ్చినవి. ప్రభుత్వము, రైల్వే కంపెనీలు, కార్మిక సంఘములు ఒకే బల్లచుట్టు కూర్చుండి, వాదించుకొని, తుదకు ఒక అంగీకారమునకు వచ్చి వీనిని రూపొందించిరి. పట్టా వెలుపలి అంచునుండి నాలుగు అడుగుల లోపలికి వచ్చిన ప్రతివాడును అపాయ పరిధిలో నున్నట్లే. అట్లు ప్రవేశించుటకు పూర్వమే అతనికి రక్షణ ఏర్పాటు చేయబడవలెను. పని ఆరంభింపకముందు మేస్త్రీ అందరిని చేరబిలిచి, నేడు ఏ లైనుపై పని, ప్రక్క లైనుపై బండ్లు తిరుగునా, ఆపబడినవా, హెచ్చరిక యెట్లు వచ్చును, వచ్చినప్పుడు ఎటు తొలగవలెను అను విషయములు చెప్పవలెను. చెప్పినది ప్రతివానికిని అర్థమైనదని రూఢి చేసికొనవలెను. వీనియన్నింటికంటె నాకు ఉదాత్తముగా తోచునది మరొక నిబంధన కలదు. రక్షణ చాలదని సద్భావముతో నమ్మిన పనివాడు, అతడు నిన్న పనిలో చేరిన అనుభవహీనుడైనను సరే, ఆ సందేహము తీరువరకు పట్టాలపై కాలు మోపనని నిరాకరించవచ్చును.

ఇట్టి నియమమును అతిక్రమించినవానికి దండనము ఉండవలెననుటలో నాకు సంశయము లేదు. ఇచట ఒకని అజాగ్రత్తవలన నశించునవి తోటివారి ప్రాణములు. బండిలో నిశ్చింతగా నిదురించుచున్న ప్రయాణికుల ప్రాణములు. కాని ఆ దండనము ఎవరివద్ద ఆరంభమై ఎవరివద్ద ఆగిపోవుచున్నదన్నది విచారింపవలసిన విషయము. నిచ్చెన అడుగుమెట్టున నున్నవానిని పట్టుకొని, పై మెట్లవైపు కన్నెత్తి చూడకుండ విచారణ ముగించుట ఏ దేశమునందైనను సులభమే.

2016 ఏప్రిల్ 3వ తేదీ, ఆదివారము ఉదయము, పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి చెస్టర్ పట్టణమువద్ద జరిగిన దుర్ఘటన ఈ విషయమున మిక్కిలి బోధప్రదమైనది. అచట ప్రక్కప్రక్కనే నాలుగు లైనులు కలవు. ఒక లైనును మూసివేసి, మురికిపట్టిన కంకరను తొలగించుచుండిరి. ప్రక్క లైనుపై బ్యాక్‌హో, అనగా మనవారు జేసీబీ అని పిలుచు యంత్రము, నిలిచి పనిచేయుచుండెను. న్యూయార్కునుండి దక్షిణమునకు పోవు ఆమ్‌ట్రాక్ కంపెనీ బండి గంటకు 106 మైళ్ల వేగముతో అదే లైనుపై వచ్చెను. డ్రైవరు యంత్రమును చూచి బ్రేకులు వేసినను, ఢీకొనునప్పటికి వేగము 99 మైళ్లవరకే తగ్గెను. యంత్రము నడుపువాడును, పని పర్యవేక్షించు సూపర్‌వైజరును మరణించిరి. ప్రయాణికులు పలువురు గాయపడిరి.

ఆ లైనుపై బండ్లను ఆపియుంచుమని రాత్రి పాళీ మేస్త్రీ, బండ్ల రాకపోకలను నియంత్రించు డిస్పాచరువద్ద అనుమతి పొందియుండెను. పాళీ మారునప్పుడు అతడు ఆ అనుమతిని తిరిగి అప్పగించెను. పగటి పాళీ మేస్త్రీ క్రొత్త అనుమతి పొందలేదు. పని ఆరంభమునకు ముందు జరుగవలసిన సమావేశము జరుగలేదు. అనుమతి ఒక మేస్త్రీ చేతినుండి జారి, మరియొక మేస్త్రీ చేతిలో పడకమునుపు ఉండిన ఆ ఎడములోనికి రైలుబండి చొరబడెను. ఇంతియేకాదు: రెండు పట్టాలను విద్యుత్తుపరముగా కలుపు చిన్న సాధనమొకటి కలదు, దానిని తగిలించినచో ఆ లైనుపై బండి నిలిచియున్నట్లే సిగ్నలు వ్యవస్థ భావించి, వచ్చు బండికి ఎఱ్ఱదీపము చూపును. మనుష్యుడు మరచినను తాను మరువని సాధనమది. దానిని వాడవలెనని కంపెనీ నిబంధన యుండెను, ఆనాడు వాడలేదు.

ఈ దుర్ఘటనను పరిశోధించిన జాతీయ రవాణా భద్రతా మండలి 2017 నవంబరులో తన నిర్ణయమును ప్రకటించెను. మేస్త్రీల లోపములను అది దాచలేదు. కాని అచటనే ఆగక, ఆ లోపములన్నియు కంపెనీ యందంతటను భద్రతను గూర్చి నిలకడలేని దృష్టి యుండుటవలన పుట్టినవని స్పష్టముగా చెప్పెను. ఆ ఒక్క పనిస్థలముననే ఇరువదికి పైగా భద్రతా లోపములు బయల్పడినవి. ఇన్ని లోపములు ఒక్క ఉదయమున ఒక్కసారిగా పుట్టునవి కావు. వానిని అధికారులు నిత్యము చూచుచు, పని వేగముగా సాగుచున్నంతవరకు సహించి, ప్రమాదము జరిగిన మరునాడు మాత్రము నియమపుస్తకము తెరచి కార్మికునిముందు పెట్టినయెడల, దానిని న్యాయమనుటకు నాకు నోరు రాదు.

అమెరికాలో ఇట్టి అభియోగములు విచారించు పద్ధతికి చిరకాలపు చరిత్ర కలదు. 1926 నాటి రైల్వే కార్మిక శాసనము, దానికి 1934లో జరిగిన సవరణలు ఇందుకు పునాదులు. కార్మికునకు నోటీసు వచ్చును. నిర్ణీత దినమున విచారణ జరుగును. ట్రాక్ కార్మికుల సంఘపు ప్రతినిధి అతని ప్రక్కన కూర్చుండును. సాక్షుల మాటలన్నియు వ్రాతలోనికి ఎక్కును. కాని ఆ విచారణకు అధ్యక్షత వహించువాడు కంపెనీ అధికారియే. తీర్పుపై కంపెనీలోనే క్రమముగా పై అధికారులకు విన్నవించుకొని, తుదకు ఇరుపక్షములకు చెందని మధ్యవర్తి కూర్చుండు మండలిని చేరవలెను. ఉద్యోగము పోయి, జీతము లేక, ఇంటి అద్దె చెల్లింపలేక ఎదురుచూచువానికి ఈ మార్గము ఎంత సుదీర్ఘమో చెప్పనక్కరలేదు. తిరిగి ఉద్యోగము దొరికినను, పనిలేని కాలపు జీతము రాని తీర్పులును కలవు.

నియమపుస్తకములలో ‘సదా అప్రమత్తుడవై యుండుము’, ‘జాగ్రత్తగా పనిచేయుము’ అను రీతి నియమములు ఉండును. కాలు విరిగిన ప్రతివానిపైనను వీనిని ప్రయోగించవచ్చును. అప్రమత్తుడవైయుండినచో నీ కాలేల విరిగెనని అడిగినచో ఎవడు బదులు చెప్పగలడు? గాయమును గూర్చి ఫిర్యాదు చేసినవానిని ఇట్టి అస్పష్ట నియమముల చాటున శిక్షించుట ప్రతీకారమే కావచ్చునని అచటి కార్మికశాఖ భద్రతా విభాగము 2012లో హెచ్చరించెను. అంతకుముందే, 2007లో, రైల్వే భద్రతా శాసనమును బలపరచి, గాయమును తెలిపినందులకు, అపాయకర పరిస్థితిని నివేదించినందులకు, భద్రతా శాసనమునకు విరుద్ధమైన పనికి నిరాకరించినందులకు ఎవరిని శిక్షించినను 180 దినములలో కార్మికశాఖకు మొరపెట్టుకొనవచ్చునని ఏర్పాటు చేసిరి.

తృటిలో తప్పిన ప్రమాదములను గూర్చి నిర్భయముగా తెలుపుటకు మరియొక ఏర్పాటు కూడ కలదు. అందులో చేరిన రైల్వేల ఉద్యోగి తన పొరపాటును కంపెనీకి గాక, అంతరిక్ష పరిశోధన సంస్థయైన నాసాకు వ్రాసి పంపును. వారు పేరును తొలగించి, విషయమును మాత్రము పరిశీలనకు అందింతురు. ఏర్పాటు నియమములకు లోబడి తెలిపిన తప్పునకు దండనము లేదు. ఇది తప్పులను ప్రోత్సహించుట యని కొందరు శంకింతురు. నా అభిప్రాయము వేరు. మత్తులో పనికి వచ్చినవానిని, తెలిసి తెలిసి రక్షణ లేనిచోటికి తోటివారిని నడిపించినవానిని ఎవరును క్షమింపనక్కరలేదు. అలసటవలన మరచినవాడు ఆ కోవకు చెందడు. అధికారి కన్నులయెదుటనే నెలల తరబడి అట్లే పనిచేయుటకు అలవాటుపడినవాడును చెందడు. వీరందరకును ఒకే కొరడా వాడు సంస్థలో జరుగు తప్పులేవియు పైకి తెలియవు. చెస్టరువంటి ఉదయము వచ్చినప్పుడే అవి తెలియును.

మన దేశమునందు ఈ ప్రశ్న ఇంతకంటె తీవ్రమైనది. 2017 ఆగస్టు 19న ఉత్తరప్రదేశ్‌లోని ఖతౌలివద్ద పూరీ–హరిద్వార్ ఉత్కళ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి ఇరువదిమందికి పైగా మరణించిరి. బండ్లను ఆపు బ్లాకు లేకుండగనే అచట పట్టా మరమ్మతు జరుగుచుండెను. పిదప ఉన్నతాధికారులు కొందరు సెలవుపై పంపబడిరి. జూనియర్ ఇంజనీరును, ట్రాక్‌మెన్ పలువురును ఉద్యోగమునుండియే తొలగింపబడిరి. మన రైల్వేలో 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమములు మందలింపు మొదలు బర్తరఫు వరకు శిక్షలను వరుసగా పేర్కొనుచున్నవి. చార్జి షీటు, సంజాయిషీ, విచారణాధికారి, అప్పీలు అను క్రమము అందు ఉన్నది. కాని కాజీపేటనుండి విజయవాడకు పోవు మార్గమున భుజముపై స్పానరుతో, చేత సుత్తితో, తెల్లవారకముందే తన బీటు నడచుచు పట్టాల కీలను ఒక్కొక్కటిగా చూచుకొనుచు పోవు కీమన్‌కు ‘బ్లాకు లేనిదే పట్టా విప్పను’ అని తన పైవానితో చెప్పు ధైర్యము ఆ నియమములలో ఏ పుటయందును లేదు. అది లేనంతకాలము, అతనిపై చార్జి షీటు వ్రాయు అధికారి మొదట కొన్ని కాగితములను తెప్పించుకొనవలెను: ఆ మాసమున ఆ సెక్షనులో బ్లాకు ఎన్నిసార్లు అడిగిరి, ఎన్నిసార్లు ఇచ్చిరి, నిరాకరించినప్పుడు ఆ పని ఎట్లు ముగిసినట్లు రిజిస్టరులో వ్రాసిరి, ఆ వ్రాతక్రింద సంతకము చేసిన వారెవరు.