ముత్యం రాయి కాదు.. బంగారంలా కడగొద్దు, బంగారంతో తూచొద్దు

సూర్యాపేట: మూఢం ముగిసి లగ్గాలు మొదలయ్యాయంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లోని నగల దుకాణాలు కిటకిటలాడతాయి. ముత్యాల హారం విషయానికి వచ్చేసరికి మాత్రం ఇప్పటికీ ఎన్నో కుటుంబాలు బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి, చార్మినార్ సమీపంలోని పత్తర్‌గట్టీ దుకాణాల్లోనే కొనుగోలు చేస్తుంటాయి. అంత శ్రమకోర్చి తెచ్చుకున్న ముత్యం కొన్నేళ్లు తిరిగేసరికి పసుపు పట్టి, నిగారింపు పోయి, సున్నపు ఉండలా మారుతున్న సందర్భాలు అనేకం. అదే హారాన్ని అవసరానికి కుదువ పెట్టబోతే ముత్యాల బరువు తీసివేసి లెక్క కడతారు. ఈ రెండు నష్టాలకూ కారణం ఒక్కటే. ముత్యాన్ని బంగారంతో సమానంగా చూడటమే.

ఆల్చిప్ప కడుపు పంట

వజ్రం, కెంపు, పచ్చ భూమిలో దొరికే ఖనిజాలు. నవరత్నాల్లో వాటి సరసన కూర్చున్నప్పటికీ ముత్యం పుట్టుక వేరు. ఆల్చిప్పలోని జీవి శరీరంలోకి పరాన్నజీవి వంటిదేదైనా చొరబడినప్పుడు, లేదా లోపలి మెత్తటి కణజాలానికి గాయమైనప్పుడు, ఆ జీవి ఆత్మరక్షణ కోసం అక్కడ పొర మీద పొరగా ఒక పదార్థాన్ని స్రవిస్తుంది. అందులో అధిక భాగం కాల్షియం కార్బొనేట్. సున్నపురాయిలోనూ, కోడిగుడ్డు పెంకులోనూ ఉండేది ఇదే. ఆ సన్నని పలకలను అతికిస్తూ కాంకియోలిన్ అనే మాంసకృత్తి, వాటితోపాటు కొద్దిపాటి నీరు ఉంటాయి. పలుచని ఆ పొరల గుండా కాంతి వెళ్లి తిరిగి రావడం వల్లనే ముత్యానికి లోపలి నుంచి వెలుగు వస్తున్నట్లు కనిపిస్తుంది. స్వాతి కార్తెలో వాన చినుకు ఆల్చిప్పలో పడితే ముత్యమవుతుందన్న పెద్దల మాట శాస్త్రానికి నిలవకపోయినా, ఇది నీటిలో ప్రాణి కన్న వస్తువన్న గ్రహింపు అందులో ఉంది.

రాళ్ల కాఠిన్యాన్ని కొలిచే మోహ్స్ కొలమానంపై వజ్రానిది 10. ముత్యానిది 2.5 నుంచి 4.5 వరకు మాత్రమే. ఇంటి దుమ్ములో కలిసి ఉండే ఇసుక రేణువు కాఠిన్యమే 7. కాబట్టి దుమ్ము పట్టిన హారాన్ని పొడిగుడ్డతో గట్టిగా రుద్దినా గీతలు పడతాయి. వజ్రాల కమ్మలు, బంగారు గొలుసులతో కలిపి ఒకే డబ్బాలో వేస్తే జరిగేదీ అదే.

పులుపే అసలు శత్రువు. కాల్షియం కార్బొనేట్ ఆమ్లంలో కరిగిపోతుంది. ఈజిప్టు రాణి క్లియోపాత్రా ముత్యాన్ని పులిసిన ద్రాక్షరసంలో కరిగించి తాగిందన్న కథను రోమన్ రచయిత ప్లినీ రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు. అది జరిగిందో లేదో గానీ, మన ఇళ్లలో చింతపండు, నిమ్మరసంతో నగలు తోమేవారు తెలియకుండా చేస్తున్నది కొంత అటువంటి పనే. పండగ ముందు నగలను మెరుగు పెట్టించేందుకు కంసాలి వద్దకు పంపేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. బంగారానికి మెరుగు తెచ్చే ఆమ్లం ముత్యం పై పొరను తినేస్తుంది. ముత్యాలను విడదీసిన తర్వాతే మెరుగు పెట్టమని ముందుగా చెప్పాలి. ఒకసారి పోయిన పొర తిరిగి రాదు.

సూత్రంలోని ముత్యమే ముందు మాసిపోతుంది

ఈ ప్రాంతంలో కొన్ని కుటుంబాలు మంగళసూత్రానికి నల్లపూసలతోపాటు ముత్యం, పగడం గుచ్చుకునే ఆచారాన్ని పాటిస్తున్నాయి. పుస్తెలకు నిత్యం పసుపు రాస్తారు. స్నానం, సబ్బు, చెమట ఏదీ దానికి తప్పదు. బీరువాలోని హారం కంటే మెడలోని ఆ చిన్న ముత్యమే ముందు రంగు మారడానికి కారణం ఇదే. ఆచారాన్ని మానుకోనక్కర లేదు. పసుపు రాసేటప్పుడు ముత్యానికి తగలకుండా చూడటం, స్నానం తర్వాత మెత్తటి తడిగుడ్డతో అద్ది తుడవడం చాలు. మాసిపోతే ఆ ఒక్క ముత్యాన్ని మార్చడం పెద్ద ఖర్చు కాదు.

హారం విషయంలో తెలిసినవారు పాటించే పద్ధతి సులువైనది. సెంటు, పౌడరు, తల నూనె అన్నీ అయ్యాక చివరగా ముత్యాలు వేసుకోవాలి. ఇంటికి రాగానే ముందుగా వాటినే తీయాలి. తీసిన వెంటనే కొద్దిగా తడిపిన నూలుగుడ్డతో తుడిచి, నీడన పూర్తిగా ఆరనిచ్చి, మెత్తటి గుడ్డ సంచిలో విడిగా పెట్టాలి. గాలి చొరబడని ప్లాస్టిక్ కవర్లో ఏళ్ల తరబడి ఉంచడం మంచిది కాదు. ముత్యంలో ఉండే కొద్దిపాటి తేమ ఆరిపోతే పగుళ్లు వస్తాయి. మే నెలలో ఎండలు 45 డిగ్రీలకు చేరువయ్యే ఈ ప్రాంతాల్లో ఆరబెట్టేందుకు డాబా మీద పెట్టడం ముత్యాలకు చేటు. బ్యాంకు లాకరులో దాచినవారు అప్పుడప్పుడూ బయటకు తీసి ధరించడం మేలు.

దారాన్ని చాలామంది పట్టించుకోరు. పట్టుదారానికి చెమట పట్టి లోలోపలే చివికిపోతుంది. పెళ్లి పందిట్లో హారం తెగి ముత్యాలు చెల్లాచెదురైన తర్వాత వెతుక్కోవడం కంటే, తరచూ వాడే హారాన్ని ఏడాది రెండేళ్లకోసారి తిరిగి గుచ్చించుకోవడం తేలిక. ముత్యానికి ముత్యానికి మధ్య ముడి వేయించాలి. అప్పుడు దారం తెగినా జారిపోయేది ఒకటే. ఒకదానికొకటి ఒరుసుకోవు కూడా. దారం తడిసి ఉన్నప్పుడు హారాన్ని కొక్కేనికి వేలాడదీస్తే సాగిపోతుంది.

చల్లదనానికి, తల్లికి గుర్తు

జ్యోతిషంలో ముత్యం చంద్రుడి రత్నం. ఏడువారాల నగల్లో సోమవారానివి ముత్యాలే. మచ్చలేని మనిషిని ఆణిముత్యమంటాం. పల్లెల్లో ఈ మాటకు మరో లోతు ఉంది. మశూచి సోకినప్పుడు ఒంటిపై లేచిన పొక్కులను రోగం పేరుతో పిలవడానికి జంకి ముత్యాలన్నారు. వాటిని పోసిన తల్లి, చల్లార్చే తల్లి కూడా ముత్యాలమ్మే. మశూచి ప్రపంచం నుంచి తొలగిపోయినట్లు 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ముత్యాలమ్మ బోనాలు మాత్రం ఊరూరా కొనసాగుతున్నాయి.

భద్రాచలంలో శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణానికి ప్రభుత్వం పక్షాన పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పిస్తారు. గోల్కొండ పాలకుడు తానీషా కాలం నుంచి వస్తున్న సంప్రదాయమిది. ఆ తలంబ్రాలను ప్రసాదంగా తెచ్చుకుని పూజగదిలో దాచుకునే ఇళ్లు ఇక్కడ ఎన్నో.

సముద్రం లేని ముత్యాల నగరం

హైదరాబాద్‌కు సముద్రం లేదు. అయినా ముత్యాల నగరమైంది. గోల్కొండ సుల్తానులు, తర్వాత నిజాంల ఆదరణతో పర్షియన్ గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు ఇక్కడికి చేరాయి. రంధ్రం వేయడం, వన్నె చూసి వేరు చేయడం, గుచ్చడంలో ఆరితేరిన పనివారు ఇక్కడ స్థిరపడ్డారు. 1995లో కేంద్ర ప్రభుత్వం రూ.218 కోట్లకు కొన్న నిజాం ఆభరణాల్లో ఏడు పేటల ముత్యాల సత్‌లడా ఒకటి.

సహజ ముత్యాల వ్యాపారం మాత్రం గత శతాబ్దంలోనే కుప్పకూలింది. జపాన్‌కు చెందిన కొకిచి మికిమొటో 1893లో ఆల్చిప్పలో అర్ధగోళాకార ముత్యాన్ని పెంచి చూపించాడు. మనదేశంలో 1973లో తమిళనాడు తూత్తుకుడిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ విజయం సాధించారు. నేడు హైదరాబాద్ దుకాణాల్లో దొరికే వాటిలో అత్యధికం చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవే. బియ్యపు గింజ ఆకారంలోని చిన్న ముత్యాలూ అందులోవే. బియ్యం మిల్లుల మిర్యాలగూడ వారికి ఆ పోలికను ప్రత్యేకంగా చెప్పనక్కర లేదు.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. పెంచిన ముత్యం నకిలీ కాదు. గాజు లేదా ప్లాస్టిక్ పూసకు మెరుపు పూత పూసినదే నకిలీ. పెంచిన ముత్యాన్ని సహజమైనదని చెప్పి అమ్మితే అది మోసం. ఆ రెంటినీ విడదీయాలంటే ప్రయోగశాలలో ఎక్స్‌రే తీయాల్సిందే. కంటితో తేల్చడం సాధ్యం కాదు.

నకిలీని గుర్తించడం అంత కష్టం కాదు. శుభ్రంగా కడిగిన ముత్యాన్ని ముందు పళ్లపై మెల్లగా రాస్తే గరుకుగా తగలాలి. రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి తేలిగ్గా రుద్దినా జారకుండా గరుకుదనం తెలుస్తుంది. రంధ్రం అంచుల్లో పూత పెచ్చులు లేస్తుంటే అనుమానించాలి. కొందరు వర్తకులు లైటర్ మంట చూపించి అసలుదని నమ్మిస్తారు. క్షణకాలం మంటకు గాజు పూస కూడా కరగదు. పైగా వేడి అసలు ముత్యాన్నే పాడు చేస్తుంది. వంద ముత్యాలూ అచ్చు గుద్దినట్లు గుండ్రంగా, మచ్చలేకుండా ఉండి చౌకగా వస్తున్నాయంటే ఆగి ఆలోచించాలి.

చీటీలో రెండు బరువులు

బంగారు హారంలో ముత్యాలు పొదిగించినప్పుడు అసలు చిక్కు తూకంలో ఉంది. ఉదాహరణకు 45 గ్రాముల హారంలో 10 గ్రాములు ముత్యాలనుకుంటే బంగారం 35 గ్రాములే. మొత్తం బరువుకూ బంగారం ధర కడితే, దానిపై తరుగు, మజూరీ వేస్తే, కొనుగోలుదారు ఒక తులం బంగారం ధరను అదనంగా చెల్లించినట్లే. తిరిగి అమ్మేనాడు గానీ, బ్యాంకులో రుణం తీసుకునేనాడు గానీ ఆ 10 గ్రాములు లెక్కలోకి రావు. బంగారానికి ఉన్నట్లు ముత్యాలకు రోజువారీ మార్కెట్ ధర లేదు.

హాల్‌మార్క్ ముద్ర బంగారం స్వచ్ఛతకు మాత్రమే హామీ. ముత్యం మంచిదో కాదో అది చెప్పదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరైన ఆభరణాలపై ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ ఉండాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. రెండు గ్రాముల లోపు బంగారానికి మినహాయింపు ఉన్నందున, కొక్కేనికి మాత్రమే కొద్దిగా బంగారం వాడిన ముత్యాల పేటపై ముద్ర లేకపోవచ్చు. ఆభరణం మొత్తం బరువు కాక నికర బంగారం బరువును, స్వచ్ఛతను రసీదులో విడిగా చూపాలన్నది నిబంధన. ముత్యాల సంఖ్య, బరువు, ధర, అవి పెంచినవా సహజమైనవా అన్నది కూడా అదే రసీదుపై రాయించుకోవాలి. వీలైతే గుచ్చకముందే ముత్యాలను కళ్లెదుట తూయించుకోవడం ఉత్తమం. హారం కొన్నది హైదరాబాద్‌లోనైనా, కోదాడలోనైనా, పదేళ్ల తర్వాత దాన్ని కరిగించే కంసాలికి ఎన్ని ముత్యాలు అప్పగించారో, ఎన్ని వెనక్కి వచ్చాయో తేల్చేది ఆ రసీదే.